మా బావ, నా మోకాళ్ళు

పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగానే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ లెగటం నేదురా," అంది. గట్టిగా లేపి చూడమన్నాను. "లేపేనురా. ఒళ్ళు సల్లగా ఉంది," అంది. వాళ్ళింటి కుళాయి నీళ్ళు బకెట్ నిండి పొర్లిపోతున్న చప్పుడు ఫోన్లో వినబడుతూనే ఉంది. కట్టడానికి అక్కకి తోచలేదు, కట్టమని చెప్పడానికి నాకూ తోచలేదు.

కంచరపాలెంలో వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ నడిచే వెళ్ళాను. ఒకప్పుడు ఆ మాత్రానికే ఆటో పిలిచేవాణ్ణి. గుండె ఆగిపోయిందని, నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటి ముందు నలుగురు మగవాళ్ళు చేరి అప్పటికే గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. మనిషి భారీ, సందు చూస్తే దిగుడు, మోయడం కష్టం, రోడ్డు మీదికి బండి పిలిపిద్దామని. ఆ మాట లోపలికి వినబడింది. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"బండి వొద్దు. ఆయన్ని మొయ్యండి. అది ఆయన మాట. నా తమ్ముడు ముందర పడతాడు," అంది.

అందరూ నా కాళ్ళ వైపు చూశారు. నిజం చెప్పాలంటే నేనూ చూసుకున్నాను. బావ పోయారన్న దుఃఖం ఇంకా నా లోపలికి దిగనే లేదు. ఈలోపలే ఈ భయం పట్టుకుంది. మోయగలనా? సందులో, అందరి ముందు, ఆయన్ని పడేస్తే?

నా సంగతి మీకు చెప్పాలి. పోర్టు రోడ్డులో ఒక కాటా దగ్గర పని చేస్తాను. బొగ్గు లారీ వచ్చి కాటా మీద నిలబడితే ఎంత బరువుందో చూసి చీటీ ఇవ్వడం నా పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీయే. ఊళ్ళో లారీలన్నిటి బరువూ గట్టిగా చదివేవాణ్ణి, నా బరువు మాత్రం ఇంటావిడకి కూడా చెప్పలేదు. ముందు ఎడమ మోకాలు, తర్వాత దానికి తోడుగా కుడిది. పెళ్ళిళ్ళకి వెళ్తే కింద కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడేవాణ్ణి. దండం పెట్టబోయి వంగితే లేవలేక, దేవుడి గదిలోంచి కేకేసేవాణ్ణి. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి, అరుగుదల మొదలైందన్నాడు. బరువు తగ్గండి, నడవండి అన్నాడు. నడవాలంటే మోకాళ్ళు కావాలి. మోకాళ్ళు బాగుపడాలంటే బరువు తగ్గాలి. బరువు తగ్గాలంటే నడవాలి. గానుగెద్దులా ఈ మాట చుట్టూనే తిరిగేవాణ్ణి. కనబడ్డ ప్రతివాడూ "కాస్త ఒళ్ళు తగ్గించాలండీ" అనేవాడు. నాకు తెలియదనుకునేవాళ్ళు కాబోలు.

చివరికి పంతం పట్టాను. నా వ్యాయామం ఎలా మొదలుపెట్టానో వింటే బయటి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు, విశాఖపట్నం వాళ్ళు మాత్రం నవ్వరు. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణతో మొదలుపెట్టాను. కొండ చుట్టూ, ఊరి మీదుగా, ఒక పగలూ ఒక రాత్రీ కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచేది. కొండ మీది సింహాద్రి అప్పన్నే చూసుకుంటాడనుకున్నాను. కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాను. హనుమంతవాక చేరకముందే మోకాళ్ళు పట్టేశాయి. మజ్జిగ పోస్తున్న పందిరి పక్కన పేవ్‌మెంట్ మీద కూలబడిపోయాను. మనవల చెయ్యి పట్టుకున్న ముసలమ్మలు గోవిందా గోవిందా అంటూ నన్ను దాటుకుని పోయారు. నన్ను ఆటోలోకి ఎక్కించడానికి ముగ్గురు పట్టారు.

తర్వాత మంచం. మోకాళ్ళు రెండూ పొంగి, బాత్రూముకి కూడా మా ఆవిడ భుజం పట్టుకునే వెళ్ళాను. లోపల కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేవాణ్ణి. ఇలాగే బతకాలంటే ఈ బతుకు వద్దనిపించింది. అది ఎవరితోనూ అనలేదు.

అప్పుడొచ్చారు మా బావ, ఒక ప్లాస్టిక్ కుర్చీ తలకిందులుగా నెత్తి మీద పెట్టుకుని.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి, పోర్టులో ఖలాసీగా చేసి రిటైరైన మనిషి. నాకంటే పెద్ద ఒళ్ళు, నాకంటే ముందే పోయిన మోకాళ్ళు. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి కొన్నాళ్ళు వెళ్ళివచ్చారు. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో సగం గుర్తుండేది, మిగతా సగం సొంతంగా కలిపేవారు.

"ఏటి బావా, కొండని సంకనేసుకుని వచ్చీగలననుకున్నావా?" అన్నారు. ఆయన నన్నూ బావా అనే పిలిచేవారు.

కుర్చీ దించి నా మంచం పక్కన వేశారు.

"నడక ఇప్పుడొద్దు. ముందు కూకోడం, లెగడం నేర్సుకో."

"కూర్చోడం నాకు రాకనా? రోజంతా అదేగా నా ఉద్యోగం," అన్నాను ఒళ్ళుమండి.

"నీది కూకోడం కాదు, కూలబడ్డం. దబ్బున పడతన్నావ్. సూడు నాను ఎలగ దిగుతన్నానో."

కుర్చీలో రెండు తలగడలు వేసి ఎత్తు చేశారు. చేతులు ముందుకి చాపి, మెల్లిగా దిగి, మెల్లిగా లేచారు. లేచేటప్పుడు ఆయన మోకాళ్ళు కటకటమన్నాయి. నేను నవ్వేశాను. ఎన్నాళ్ళకో నవ్వాను. "నవ్వు, నవ్వు. నీయి ఇంకా గట్టిగా మోగుతాయి," అన్నారు. మోగాయి. నొప్పెడుతోందంటే, "రేపు పొద్దున్నకి సల్లారిపోతే పరవానేదు. సల్లారకపోతే రేపు తక్కువ సేద్దాం," అన్నారు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని నొక్కి పట్టుకోవడం కూడా నేర్పారు. ఇంత చిన్న పనితో ఏమవుతుందని నాకు లోపల ఏడుపొచ్చింది. ఆయన మాత్రం రోజూ వచ్చారు.

కొన్నాళ్ళకి నన్ను వీధిలోకి లాగారు. కుర్చీ భుజాన వేసుకుని ఆయన, పక్కన నేను. ఒక కరెంటు స్తంభం దాకా నడవడం, కుర్చీ వేసుకుని కూర్చోవడం, లేచి మళ్ళీ ఇంకో స్తంభం దాకా. కుర్చీ ఒకటే కాబట్టి వంతులు. టిఫిన్ బండి కుర్రాళ్ళు, "ఏటి మావా, కుర్చీలు అమ్ముతన్నారా?" అని అరిచేవాళ్ళు. నాకు సిగ్గుతో చెమటలు పట్టేవి. బావ ఆగి, "అమ్ముతన్నాం. ఇప్పుడే ఒకటి కొనీసుకో, మా వయసుకొచ్చీసరికి రేటు పెరిగిపోద్ది," అనేవారు.

నాకు పౌరుషం ఎక్కువ. ఇంకో స్తంభం, ఇంకో స్తంభం అంటూ లాగేవాణ్ణి. ఆయన రెక్క పట్టుకుని కుర్చీలో కుదేసేవారు. "నొప్పి వచ్చీ ముందే కూకోవాల బావా. వచ్చేక కూకుంటే అది గెలిసినట్టు."

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. నడక అయ్యాక బజ్జీల బండి దగ్గర ఆగేవారు. నన్ను తిననిచ్చేవారు కాదు, తను మాత్రం తినేవారు. "రెండు ఉల్లిపాయలెయ్యి," అని బండివాడితో అని, అదే నోటితో నావైపు తిరిగి "అక్కకి సెప్పీకు," అని ఒట్టు వేయించుకునేవారు. ఎన్నిసార్లు పోట్లాడానో.

ఒక ఆదివారం లారీలు లేని పూట మా కాటా చూస్తానని వచ్చారు. ఇద్దరం దాని మీద ఎక్కి నిలబడ్డాం. అద్దం వెనక వెలిగిన అంకె చదవమన్నారు. చదివాను. ఆయన నవ్వి నవ్వి ఆ ఇనప పలక మీదే చతికిలబడిపోయారు. "దూడతో కలిపి ఓ గేదంత ఉన్నాం బావా!" తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నారు, "నాను పోతే ఎత్తడానికి మనిషి కావాల గదా. బండి ఎక్కించీకండి. అందరూ మోత్తుంటే ఊరు సూసుకుంటూ ఎల్తాను. అందుకే నిన్ను తయారు సేత్తన్నాను." అశుభం మాటలొద్దని కసిరాను. ఇంటికెళ్ళి అక్కతోనూ అదే మాట అన్నారట, అక్క మాత్రం దాన్ని మనసులో పెట్టుకుంది.

వానలు ముదిరాక మళ్ళీ మోకాళ్ళు పొంగాయి. బరువు చూసుకుంటే ఏమీ కదల్లేదు. ఆ రోజు తువ్వాలు చుట్ట గోడకేసి కొట్టాను. "నా వల్ల కాదు బావా. ఇన్నాళ్ళు చేసి ఏం తగ్గింది? చచ్చేదాకా ఇంతే నా బతుకు," అని అరిచాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చలేదు. మంచం మీద నా పక్కన కూర్చున్నారు. నావైపు చూడకుండా అన్నారు.

"నాకూ తగ్గనేదు బావా. నొప్పీ తగ్గనేదు, ఒళ్ళూ తగ్గనేదు. సెప్తే నువ్వు మానేత్తావని సెప్పనేదు."

నన్ను లాక్కుపోతున్న మనిషి కూడా నాలాగే ఊబిలో ఉన్నాడని ఆ రోజు తెలిసింది. "మరి మానేద్దామా?" అని అడిగాను. ఆయన లేచి తువ్వాలు ఏరుకొచ్చి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు. "రేపు ఒక్క స్తంభం దాకా ఎల్దాం. అంతే. తగ్గకపోయినా మాననేదు గదా, అదొకటుంది మనకి."

ఒక్క స్తంభం దాకానే వెళ్ళాం. తర్వాత నెలల మీద కొంచెం తగ్గాను, బెల్టులో ఒక బెజ్జం పాటి. కాటా గది మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కాను. అక్క ఇంట్లో నేల మీద కూర్చుని భోజనం చేశాను. కూర్చోవడం వచ్చింది గానీ, నేల మీంచి లేవడం మాత్రం రాలేదు. ప్రతిసారీ బావ నా మణికట్టు పట్టుకుని "హైలెస్సా" అని లాగేవారు. అదొక్కటి ఇంకా నేర్పాల్సి ఉందనేవారు. అది మిగిలిపోయింది.

ఇప్పుడు వాకిట్లో బావకి ఆఖరి స్నానం చేయిస్తుండగా ఎవరో అన్నారు, "ఆ వయసులో, ఆ ఒంటితో నడకలేటి? ఆ బావమరిది నడిపించి నడిపించి సంపీసేడు." నాకు వినబడాలనే అన్నారో ఏమో. వెనక పెరట్లో అక్కని పట్టుకుని అడిగాను, "నా వల్లేనా అక్కా?"

అక్క నా చెంప తుడిచింది. "ఆయన గుండె ఎప్పుడో సెడింది. ఈ పాటి నడక మంచిదేనని డాక్టరే సెప్పేడు. నీకు సెప్పొద్దన్నారు. ఒరే, నీతో నడిసొచ్చిన పూట అన్నం అడిగి తినీవోరు. నడవని రోజు గోడ వేపు తిరిగి పడుకునీవోరు. నువ్వేటి సంపుతావురా ఆయన్ని."

పాడె లేచింది. నిప్పుకుండతో మా మేనల్లుడు ముందు, ఎడమ పక్క ముందు కొమ్ము నా భుజం మీద. బావ బరువు నా మెడ దాకా దిగింది. సందు దిగుడులో ఒక్కో అడుగూ మోకాలి చిప్పలో మేకులా దిగింది. ఎవరో భుజం మార్చుకుంటామన్నారు, మార్చాను. మళ్ళీ అడిగి పట్టాను. ఎంత గట్టిగా ఏడ్చినా నొప్పికి ఏడుస్తున్నాననుకుంటారని పళ్ళు బిగపట్టాను.

శ్మశానం ఇంకా కొంచెం దూరం ఉండగా రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో పాడె దింపారు. దింపుడు కళ్లం. ఏ మూలైనా ప్రాణం మిగిలుంటే పలుకుతాడని అక్కడ పోయినవాడి చెవిలో పిలుస్తారు. మేనల్లుడు నాన్నా అని పిలిచాడు. పెద్దాయన ఒకరు, "బావమరిదీ, నువ్వూ పిలు," అన్నారు.

చెవి నేలకి దగ్గరగా ఉంది. ఎలా దిగానో తెలియదు, మెల్లిగానే దిగాను. ఆయన చెవి పక్కన నోరు పెట్టి "బావా" అన్నాను. చెవిలో పసుపు వాసన. మళ్ళీ "బావా" అన్నాను. మూడోసారి "లెగు బావా" అన్నాను. ఆయన పలకలేదు. పైన కాకులు, పట్టాల అవతల బొగ్గు వ్యాగన్లు.

ఇక ఎత్తాలన్నారు. నేను లేవలేకపోయాను. మేనల్లుడి చేతిలో కుండ ఉంది. మిగతావాళ్ళు పాడె కొమ్ముల దగ్గర వంగి ఉన్నారు. అలవాటుగా నా కుడి చెయ్యి గాల్లోకి లేచింది, ఎవరూ పట్టుకోలేదు. ఆ చేతిని దించి పాడె వెదురు మీద ఆన్చాను. ఒళ్ళంతా దాని మీద మోపి, ఒక మోకాలు ఎత్తాను, తర్వాత రెండోది. నా అంత బరువు పడినా ఆ వెదురు ఇటు ఒరగలేదు, అటు కదల్లేదు. దాని మీద మా బావ ఉన్నారు.