ఫోనులో నాన్న, చాప మీద నాన్న

మొన్న రాజోలులో ఆటో ఎక్కితే, నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాళ్ళకి నొప్పుల మందు రాసుకుని ఉంది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నాకు సలోమి టీచరుగారు గుర్తుకొచ్చారు. గదిలోకి ముందు ఆ వాసన వచ్చేది, వెనకాల ఆవిడ వచ్చేవారు. అరవై దాటిన మనిషి పొద్దస్తమానం చిన్నపిల్లలతో సమానంగా నేల మీద కూర్చుంటే మోకాళ్ళు ఊరుకుంటాయా? కుర్చీ వేసుకోమని ఎవరైనా అంటే, "కుర్చీలోంచి చూస్తే పిల్లల నడినెత్తులే కనపడతాయండీ" అనేవారు.

మా లాస్యకి ఆటిజం అని డాక్టరుగారు చెప్పేనాటికి దానికి నాలుగేళ్ళు నిండలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఒళ్ళో కూర్చున్నా నా ముఖంలోకి చూసేది కాదు. ఎప్పుడూ ఫోను కావాలి. మా ఆయన కువైట్‌లో డ్రైవరు, ఆయనతో మాట్లాడటానికి కొన్న ఫోను అది. "ఫోను చేతికిచ్చి పిల్లని పాడుచేసింది" అని మా అత్తగారు నా ఎదురుగానే అనేవారు. నేనూ అదే నిజమనుకున్నాను. అమలాపురంలో సలోమి టీచరుగారి దగ్గరికి మమ్మల్ని పంపింది ఆ డాక్టరుగారే. ఒక మేడ మీద రెండు గదులు. ఆవిడ బళ్ళో చాలాకాలం పాఠాలు చెప్పి, మధ్యలో ఇలాంటి పిల్లలకు నేర్పే చదువు కొత్తగా చదువుకుని, రిటైరయ్యాక ఆ గదులు తీసుకున్నారు. నేను వెళ్ళి కూర్చుంటూనే, ఆవిడ అడక్కముందే, "ఇక ఫోను ఇవ్వనండీ, మానిపించేస్తాను" అనేశాను.

ఆవిడ నన్ను మెచ్చుకోనూ లేదు, మందలించనూ లేదు. "ఫోను వల్ల వచ్చేది కాదండీ ఇది. ముందు ఆ భయం వదిలెయ్యండి. రోజంతా ఇవ్వడం మంచిది కాదనుకోండి, అది వేరే సంగతి. ఇంతకీ అందులో ఏం చూస్తుందండీ పాప?" అన్నారు. "ఏవో వీడియోలండీ" అన్నాను. ఆవిడ చాప మీద లాస్య పక్కన, పక్కకి తిరిగి పడుకున్నారు. పలకరించలేదు, ముట్టుకోలేదు. పాప చూస్తున్నదాన్నే తనూ చూస్తూ అలా ఉండిపోయారు. చాలాసేపటికి తల ఎత్తి, "సత్యవతిగారూ, ఓసారి ఇలా రండి" అన్నారు. లాస్య చూస్తున్నది వాళ్ళ నాన్న ఎప్పుడో పంపిన చిన్న వీడియో. అందులో ఆయన కనుబొమలు ఎగరేసి "అబ్బో" అంటారు. పాప సరిగ్గా ఆ ఒక్కచోటికి వెనక్కి జరిపి, ఆపి, మళ్ళీ చూస్తోంది. "ముఖం చూడదన్నారు. చూస్తోందండీ" అన్నారు టీచరుగారు. "మన ముఖాలు ఒకచోట ఆగవు కదా. నవ్వుతాం, అంతలోకి ఇంకోలా పెడతాం. మళ్ళీ అలాగే నవ్వమంటే మనకి రాదు. ఇందులో అయితే తనకి కావలసినంతసేపు ఆగుతాయి. అందుకేనేమో." ఆ 'ఏమో' దగ్గర ఆవిడ కళ్ళు మెరిశాయి. కొత్త సంగతేదో దొరికితే ఆవిడకి ఆకలి కూడా తెలిసేది కాదు.

ఆ రోజు నుంచి ఆ ఫోనుతోనే పని మొదలుపెట్టారు. నేనూ, అక్కడికే వచ్చే ఇంకో పాపా బంతి అటూ ఇటూ దొర్లించుకుంటుంటే తన ట్యాబులో వీడియో తీశారు. నేను "నాకు" అంటాను, ఆ పాప "ఇదిగో" అని దొర్లిస్తుంది. అంతే. లాస్య దాన్ని చూసి చూసి, కొన్ని వారాలకి బంతి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. 'ఇదిగో' అనలేదు గానీ పడేసి, నేనేం చేస్తానోనని నిలబడింది. సాయంత్రం మా ఆయన వీడియోకాల్ చేసే వేళకి ఆయనకీ పని చెప్పారు. టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఆగాలి, పాప ఏదో ఒకటి చేసేదాకా తియ్యకూడదు. "ఎంతసేపాగాలండీ?" అని ఆయన అడిగితే, "నాకూ తెలీదండీ, చూద్దాం" అన్నారు. అవతల ఎండకి నల్లబడ్డ మనిషి ముఖానికి టోపీ పెట్టుకుని కూర్చున్నారు. చివరికి లాస్య ఫోను తెర మీద ఆ టోపీని వేలితో కొట్టింది. ఆయన టోపీ తీసి కనుబొమలు ఎగరేశారు. అది కిలకిలా నవ్వింది. ఇక రోజూ అదే ఆట.

మరుసటి ఏడు ఆయన సెలవు మీద ఇంటికి వచ్చారు. లాస్య ఆయన్ని చూసి తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. తెచ్చిన బొమ్మలు ముట్టుకోలేదు. మర్నాడు సాయంత్రం, మామూలుగా ఆయన ఫోను చేసే వేళకి, నా ఫోను తీసుకుని వాళ్ళ నాన్న ఫొటో మీద నొక్కింది. ఎదురుగా నిలబడ్డ ఆయన జేబులోనే ఫోను మోగింది. అది మాత్రం ఫోనుకేసే చూస్తోంది. ఆయన గబగబా అరుగు మీదికి వెళ్ళిపోయారు. "నేనెవరో తెలీదు దానికి. ఇన్నాళ్ళూ ఫోనుతోనే ఆడుకుంది, నాతో కాదు" అన్నారు.

అత్తగారి ఫోను తీసుకుని టీచరుగారికి చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. "పాప పిలుస్తోంది కదండీ, ముందు ఎత్తమనండి" అన్నారు.

"ఆయన ఇంట్లోనే ఉన్నారు కదండీ?"

"ఆయ్. కానీ ఆయన దగ్గరికి పాపకి తెలిసిన దారి అదొక్కటేనండీ. ఆ దారినే రానివ్వండి."

ఆయన అరుగు మీదే కూర్చుని, మళ్ళీ మోగుతున్న ఫోను ఎత్తి, టోపీ అడ్డం పెట్టుకున్నారు. లోపల లాస్య నవ్వడం ఆయనకి వినపడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక టీచరుగారు బస్సెక్కి మా ఊరొచ్చేశారు. ఒక చాప వేయించి, ఈ చివర లాస్యని, ఆ చివర వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి, ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు పెట్టారు. రెండూ ఒకేచోట కీచుమంటుంటే రెండింటి శబ్దమూ తీసేశారు. ఆట మొదలైంది. ఆయన టోపీ తీసి "అబ్బో" అన్నారు. మాట చాప అవతలి నుంచి వచ్చింది. ఫోనులో ఆయన పెదాలు మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా కదిలాయి. లాస్య ఫోనుకేసి చూసింది. ఆయన మళ్ళీ అన్నారు. ఈసారి తల ఎత్తి మాట వచ్చిన వైపు చూసింది, మళ్ళీ ఫోనుకేసి చూసింది. ఆయన మళ్ళీ టోపీ అడ్డం పెట్టుకోగానే, ఫోను చాప మీద పెట్టి, లేచి వెళ్ళి ఆయన టోపీ మీద వేలితో కొట్టింది. ఆయన టోపీ తీశారు. కనుబొమలు ఎగరేయడం ఆయన వల్ల కాలేదు. లాస్య తన వేళ్ళతో వాటిని పైకి నెట్టింది.

"ఇది నాకు తట్టనే లేదండీ" అన్నారు టీచరుగారు. "మెల్లగా దగ్గరికి జరుపుదాం అనుకున్నాను. ఆ ఆలస్యాన్ని తనే పట్టేసింది చూసేరా?" అందరం కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ ఒక్కరే, ఫోను ఎందుకు ఆలస్యంగా చూపిస్తుందని మా ఆయన్ని అడుగుతున్నారు.

సెలవు అయ్యేలోపు లాస్య ఆయన భుజం మీద నిద్రపోవడం నేర్చుకుంది. అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. ఇప్పటికీ దానికి మాటలు తక్కువ. గోల ఎక్కువైతే చెవులు మూసుకుంటుంది. టీచరుగారు పోయిన ఏడాది జబ్బు చేసి పోయారు. ఆఖరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు, లాస్య ఇప్పుడు వీడియోకాల్లో నాన్న ముఖంకేసి చూడకుండా, ఎటో చూస్తూ మాట్లాడుతుందని చెప్పాను. ఆవిడ దిండు మీద లేచి కూర్చోబోయారు. "అవునా? ఎందుకంటారు?" ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. మాకు తెలియలేదు. తెలియకపోయినా ఆవిడ సంతోషంగానే ఉన్నారు.

లాస్య ఇప్పుడు మా ఊరి బళ్ళో రెండో తరగతి. ఈమధ్య వాళ్ళ మేడమ్ నన్ను పిలిపించి, ఎవరు పలకరించినా పాప పలకకుండా వాళ్ళ బ్యాగులు ముట్టుకుంటోందని, పిల్లలు గొడవ చేస్తున్నారని చెప్పింది. ఒకప్పుడైతే క్షమించమని చెప్పి, ఇంటికి తీసుకెళ్ళి కోప్పడేదాన్ని. ఆ రోజు ఒక్క పూట వెనక కూర్చోనివ్వమని అడిగాను. నేల మీదే కూర్చున్నాను. లాస్య ఎవరి బ్యాగూ తెరవలేదు, ఏదీ తీసుకోలేదు. దగ్గరికి వచ్చి పలకరించినవాళ్ళ బ్యాగు మీద చెయ్యి వేసి, ఒక్కసారి నొక్కి, తన చోటికి వెళ్ళిపోతోంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కసారే. "పలకరిస్తోందేమోనండీ" అన్నాను మేడమ్‌తో.

మర్నాడు పొద్దున్న నేను లాస్యని గుమ్మం దాకా దింపేసరికి, మేడమ్ తన హ్యాండ్‌బ్యాగు భుజం మీంచి తీసి ముందుకు పట్టుకుని నిలబడి ఉంది. లాస్య దాని మీద చెయ్యి వేసింది. నేను వెంటనే ఇంటికి వెళ్ళిపోలేదు. తర్వాత ఏం జరుగుతుందో చూద్దామని ఆగాను.