నులకలో మిగిలిన నెత్తురు

ఇబ్రహీంపట్నం బెస్త ఇళ్ళలో ఎవరి మంచంలో నల్లులు పడ్డా రుక్కమ్మకే కబురు వెళ్ళేది. ఆమె గడపలో నిలబడే వాసన పట్టేది. మంచం తిరగేసి నులక ముడుల్లో గసగసాలంత నల్ల చుక్కలు, ఊడిన పొరలు, పక్క గోడ మీద నెత్తుటి గీతలు చూపించేది. మంచాన్ని ఎండలో వేయించి, మరుగుతున్న నీళ్ళు పోయించేది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎవరింట్లో ఎన్ని రాలాయో వాడంతా చెప్పేది. ఆ నోటికి తాళం లేదు.

ఆ నోరే ఆమె కొంప ముంచింది.

భర్త కాశయ్య సంఘంలో చేరి దళంతో వెళ్ళిపోయాడు. రజాకార్లు పోయి యూనియన్ సైన్యం వచ్చినా సోదాలు ఆగలేదు. ఆయన పోయి ఆర్నెల్లయిందని రుక్కమ్మ అందరితో అనేది. నిజానికి వారం కిందట కాశయ్య జ్వరంతో తిరిగొచ్చాడు. పగలంతా అటక మీద వలల కుప్ప వెనక దాక్కుని, పొద్దుగూకాక దిగి తన మంచం మీద పడుకుంటున్నాడు. నల్లులు పీక్కుతింటున్నాయని గోక్కునేవాడు. వాడని మంచానికి వేడినీళ్ళెందుకని ఇరుగుపొరుగు అడుగుతారని రుక్కమ్మకు భయం. జ్వరం తగ్గేదాకా ఓర్చుకోమంది.

ఒక పొద్దున జమేదారు జవాన్లతో వచ్చి, ఆ మంచం ఎవరిదని అడిగాడు.

"మా ఆయనది. ఆయన పోయినకాన్నుంచి దాని మీద పిట్ట సుత వాలలె. నేను కిందనే పండుకుంట," అంది రుక్కమ్మ. అడగనిది కూడా చెప్పేసింది. మొగుడి మంచం మీద ఆడది పడుకోకూడదన్నది వాళ్ళ ఇళ్ళలో ఆచారం.

జమేదారు ఇరవై ఏళ్ళుగా పోలీసు మంచాల నల్లులకు నెత్తురు ధారపోసినవాడు. మంచం ఎత్తి కోడును నేలకేసి కొట్టాడు. ఉబ్బిన నల్లులు జలజలా రాలాయి. ఒకదాన్ని బూటుతో నలిపితే నేల ఎర్రగా తడిసింది.

"ఆర్నెల్లు ఉపాసమున్న నల్లులు గిట్ల బలుస్తయా?"

నేనే పడుకున్నానని అనడానికి ఇప్పుడు వీల్లేదు. రుక్కమ్మ నోరు మొదటిసారి మూతపడింది. జవాన్లు అటకెక్కారు.

కాశయ్యను చెరువు కట్ట అవతలికి తీసుకెళ్ళి కాల్చేశారు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

మూడో రోజు పక్కింటి శ్యామలమ్మ ఆ పాడు మంచం మీద పోయడానికి నీళ్ళు మరగబెట్టి తెచ్చింది. రుక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. ఆయన నెత్తురు అండ్లనే జరంత మిగిలింది."

ఆ పూట ఆచారం తప్పి, ఆమె ఆ మంచం మీద పడుకుంది.