మా పక్క గది బాక్సర్ తాత

షాద్‌నగర్‌లో మా పక్క గదిలో కిరాయికి ఉండే తాత పోయిన శుక్రవారం పొద్దున చనిపోయాడు. నేను ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి వాడకట్టు ఆడవాళ్లు ఆయన నుదుటికి నామం పెట్టబోతున్నారు. ఆయన భార్య, మా అందరికీ అవ్వ, వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"నామం వద్దు, కట్టెలు వద్దు. ఆయన యూదు మతమాయన. మట్టిల పెడతనని మాటిచ్చిన."

తప్పు మాదే. శనివారం ఆయన పొయ్యి ముట్టించేవాడు కాదు, పనికి పోయేవాడు కాదు. వెంకన్న ఒక్కపొద్దు అనుకున్నాం. "మీ నాయిన శనివారం గూడ తాగుతడు. తాతను జూసి సిగ్గు తెచ్చుకొమ్మను" అంటూ మా అమ్మ నాతో కొబ్బరిముక్క పంపేది. ఆయన తీసుకుని తినేవాడు.

తాత బాగ్దాద్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రితో ఓడెక్కి బొంబాయి వచ్చాడు. పదిహేడేళ్లకే పైసలకు బాక్సింగ్ ఆడాడు. గోడల మీద ఆయన బొమ్మ అతికించేవారట. "గెలిస్తె చెయ్యి లేపుతరు బిడ్డా. ఓడితె అంగి చేతుల పెడతరు" అనేవాడు.

ఒకసారి ఆట నడిపేవాడు పందెం పైసల కోసం నాలుగో రౌండులో కావాలని పడిపొమ్మన్నాడు. తాత పడలేదు, గెలిచాడు. ఆ కసితో తర్వాతి ఆటలో తనకంటే చాలా బరువైనవాడిని ఎదురు నిలిపారు. ఎడమ కన్ను పోయింది.

"ఆనాడు పడిపోతె అయిపోతుండె గద తాతా?" అని అడిగాను.

"అవు. కన్ను మిగులుతుండె" అన్నాడు.

ఆ తర్వాత కొత్తవాళ్లు కొట్టడం నేర్చుకోవడానికి ఆయనను నిలబెట్టేవారు. చివరకు ఒక బిల్డింగు దగ్గర కాపలా. అక్కడ ఇటుకలు మోసే అవ్వను పెళ్లి చేసుకుని, ఆమె వెంట ఇటు వచ్చాడు. కొట్టడం నేర్పమని నేను అడిగితే ముఖం కాపాడుకోవడం ఒక్కటే నేర్పాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకసారి కొట్లాటలో అదే నన్ను కాచింది.

శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల శనివారం మొదలైనట్టే, ఇక పూడ్చకూడదట. అడిగిన రెండు శ్మశానాల్లోనూ "మా మనిషి కాదు" అన్నారు. చివరకు మర్రిగూడ దగ్గర ఉండే అవ్వ తమ్ముడు ఫోన్‌లో, "నా పత్తిచెలకకు తీస్కరా అక్కా. బావకు గంత జాగ లేదా?" అన్నాడు. ట్రాలీ ఆటోలో తీసుకుపోయాం.

నేలంతా రాయి. గడ్డపార సరిగా దిగలేదు. తొడల లోతు అయ్యేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది.

"ఇంకింత తవ్వుదాం అవ్వా."

"పొద్దు ఆగుతదా? దించున్రి."

దించి మట్టి కప్పాం. లోతు చాలలేదని అందరికీ తెలుసు. అవ్వ గట్టు మీది రాళ్లు ఏరి పైన పేర్చడం మొదలుపెట్టింది. మేమూ తెచ్చి పెట్టాం.

"ఇగ చాలవ్వా. ఆటో ఆయన పోదామంటున్నడు."

"కుక్కలు తోడుతయి బిడ్డా."

మసక పడింది. అవ్వ ఇంకో రాయి కోసం వంగింది.