పిలవకూడదు బావా

మల్కాపురంలో మా బావ పెరట్లో తవ్వి, టార్పాలిన్ పరిచి నీళ్లు నింపిన గుంట స్నానాల తొట్టికన్నా చిన్నది. ఆయన లెక్కలో మాత్రం బంగాళాఖాతానికి సొంత చెల్లెలు. అందులోకి కప్పలు రావాలని ఆయన ఆశ. నేను పట్టుకొచ్చి వేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

“పిలవకూడదు బావా. వాటంతటవే రావాల,” అనేవాడు నాతో.

దోమలు సకుటుంబంగా విచ్చేసి మా అక్క రక్తంతో విందు చేసుకున్నాయి. చివరికి వానాకాలంలో ఒక్క కప్ప వచ్చింది. దానికి కొత్తల్లుడి మర్యాదలే. బావ చెప్పులు విప్పి మరీ దర్శించుకునేవాడు. ఇంతలో ఓ నీరుకట్టు పాము వచ్చి దాన్ని కరుచుకుంది.

“కర్రట్టుకు రండి, మింగెత్తంది!” అక్క అరిచింది.

బావ కదల్లేదు. “దాన్ని నాను పిలిసానేటి? అదీ దానంతటదే వచ్చింది,” అన్నాడు.

ఆ సాయంత్రం గుంట పక్కన చతికిలబడి, మా బావ మొదటిసారి పిలిచాడు. “బెక... బెక...”

నీళ్లలోంచి పాము తలెత్తి చూసింది.