పెదవుల దగ్గర విజిల్

ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా కెప్టెన్ విజిల్‌ని పెదవుల దాకా తెచ్చి, ముందు ముసలి సార్జంటు ముఖం చూస్తాడు. ఆయన తలూపితేనే ఊదుతాడు. కెప్టెన్ తమ పిల్లల పేర్లన్నీ గుర్తుంచుకునే మనిషని సిపాయిలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు శిక్షణలో వాగు దాటుతుండగా నీళ్లు పెరిగాయి. సార్జంటు అప్పటికే అవతలి గట్టున, ముఖం కనపడనంత దూరంలో ఉన్నాడు. వెనక్కి రమ్మని ఊదాల్సిన విజిల్ మోగలేదు. ఒక సిపాయి కొట్టుకుపోయి, బండకు తగిలి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"నిన్నేం చెయ్యమంటావయ్యా? ఇంటికి పంపెయ్యనా?" అన్నాడు కల్నల్, కెప్టెన్‌ని పిలిపించి.

"మ్యాపుల గదిలో వెయ్యండి సార్. మనుషుల్ని నడపలేను గానీ, దారి తప్పు లేకుండా గీస్తాను."

"ఇన్నేళ్లూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకు కూర్చున్నావా ఈ మాట చెప్పకుండా?" అని కల్నల్ బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ విజిల్‌ని సార్జంటు చేతిలో పెట్టి, గడకర్రతో వాగులోకి దిగాడు. సిపాయి పడ్డచోట లోతు కొలిచి, ఎవరి ముఖమూ చూడకుండా, మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో రాశాడు: ఇక్కడ దాటకూడదు.