నూనె అక్కర్లేని గడియారం

బాబాల గుట్టు విప్పడానికి నాకొక పద్ధతి ఉండేది. ముందు వాళ్ల చేత ఫలానా మహిమ చూపిస్తామని పదిమందిలో మాట అనిపించాలి. తర్వాత ఆ మహిమ గల వస్తువును సీసాలో పెట్టి లక్కతో సీలు వేయాలి. ఏర్పాట్లు బాగాలేవని వాళ్లు గొణగడం మొదలుపెట్టగానే జనాన్ని నవ్వించాలి. మోసగాడు ఎప్పుడూ ఏర్పాట్లనే తప్పుపడతాడు కదా. పిడుగురాళ్లలో ఈ పద్ధతి ఒక్కసారీ ఓడలేదు. దాన్నే ఒక గడియారాల సాయిబు మీద కూడా వాడాను.

ఆయన కొట్టు హైవే పక్కన. కీ ఇచ్చే గడియారాలు విప్పగలిగినవాడు ఊళ్లో ఆయనొక్కడే మిగిలాడు. గడియారంలో చుట్టుకున్న స్ప్రింగు బలాన్ని ఒక్కసారిగా పోనీకుండా ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం ఒకటుంటుంది. ఎస్కేప్‌మెంట్ అంటారు. మనం వినే టిక్‌టిక్ అదే. పళ్లచక్రం అక్కడ చిన్న కెంపురాళ్ల మీద రాసుకుంటూ జారుతుంది కాబట్టి నూనె కావాలి. మా ఊళ్లో ఆ నూనెలో సున్నపు బట్టీల దుమ్ము కలిసి, ఏడాది తిరక్కుండానే జిగురవుతుంది. ఆయన పదకొండేళ్లు కూర్చుని ఆ పళ్లను వేరే వాలులో కోశాడు. అవి జారవు, తాకి నెట్టి వదిలేస్తాయి. చుక్క నూనె అక్కర్లేదని, రోజుకు అర నిమిషం మించి తేడా రాదని అన్నాడు.

అలా చేసిన జేబు గడియారాన్ని నా దగ్గరికి తెచ్చింది ఒకే కోరికతో.

“మీరు చూసి, నిజమేనని నలుగురిలో చెప్పండి మాస్టారూ. మీ మాటంటే ఊరికి గురి.”

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కొట్లో కూర్చుని రెండు రోజులు చూసి ఉంటే సరిపోయేది. కానీ నాకు సభ కావాలి. నెలనెలా జరిగే మా హేతువాద సంఘం సభలో ఆ గడియారాన్ని సీసాలో పెట్టి సీలు వేశాను. ముందు వరుసకు కనపడాలని, బల్ల మీదున్న గొట్టం మైకు, అదే లౌడ్‌స్పీకరు, వెనక భాగానికి ఆనించి నిలబెట్టాను. ఆయన లేచి, “మైకుకి ఆనించొద్దు మాస్టారూ, దాంట్లో…” అన్నాడు.

నేను ఎదురుచూస్తున్నది అదే. “చీకట్లో తప్ప విభూతి రాల్చలేనన్న బాబాను చూశాం. ఈయన గడియారానికి మైకు పడదట,” అన్నాను మైకులో. హాలంతా నవ్వింది. ఆయన కూర్చున్నాడు. గంటన్నర మాట్లాడాను. సీసా అక్కడే ఉంది.

మర్నాడు సాయంత్రం అందరి ముందూ సీలు తీస్తే, గడియారం ఇరవై రెండు నిమిషాలు ముందుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. “మైకులోని అయస్కాంతం పట్టింది. లోపలి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని జోరెక్కింది. పిల్లోళ్లకి మీరు చెప్పే పాఠమేగా.”

గడియారాన్ని ఇంటికి తీసుకెళ్లి, బడి నుంచి తెచ్చుకున్న దిక్సూచి దగ్గర పెట్టాను. ముల్లు ఊగింది. అది ఊగడం నేను కళ్లారా చూశాను.

వారంలోపే ఊరు ఆయనకు ఇరవైరెండు సాయిబని పేరు పెట్టింది. టీ బంకు దగ్గర ఎవరో ఒకరు, “ఏంది సాయిబూ, నీకప్పుడే రేపొచ్చిందా?” అనేవాళ్లు. నేనూ అక్కడే టీ తాగేవాణ్ణి. ఒకసారి నవ్వాను కూడా.

వచ్చే సభలో ఒక్క మాట చెప్పమని ఆయన మా ఇంటికి వచ్చాడు. దిక్సూచి బల్ల మీదే ఉంది. నేను దాచలేదు, దాచాల్సిన అవసరం కూడా అనిపించలేదు.

“నేను ఒక్కసారి తప్పన్నానంటే రేపు ప్రతి బాబా దాన్నే పట్టుకుంటాడు భాయ్,” అన్నాను.

ఆయన దిక్సూచి వైపు చూశాడు. “బాబాలే నయం మాస్టారూ. మీరు కూలగొట్టినాక వాళ్లకి భక్తులన్నా మిగుల్తారు.”

గడియారం తీసుకెళ్లి, అయస్కాంతం వదిలించి, మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. రోజూ కీ ఇవ్వమన్నాడు. నూనె మాత్రం వేయొద్దన్నాడు. పళ్లు కోసే చిన్న లేతు మిషన్ను ఆ నెలలోనే పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఫోన్లకు గ్లాసులు అంటిస్తాడు.

నేను రోజూ కీ ఇచ్చాను. ఆగిపోతుందేమోనన్న ఆశతోనే ఇచ్చాను. ఆగితే నేను గెలిచినట్టు. నాలుగేళ్లయింది. రోజూ పొద్దున ఫోను పక్కన పెట్టి చూస్తాను. ఇదే ఊరు, ఇదే సున్నపు దుమ్ము. రోజుకు తేడా అర నిమిషం దాటలేదు.

కిందటేడు కొట్టుకు వెళ్లి, మీరన్నదే నిజమని ఆయనతో చెప్పాను. గ్లాసు మీది బుడగను వేలితో అంచుకు నెడుతూ, తలెత్తకుండా, “నాకు తెలిసిందే కదా. మైకులో అన్నారు, మైకులోనే చెప్పండి,” అన్నాడు.

తర్వాతి సభలో గ్రహణం గురించి గంటసేపు మాట్లాడాను. భయం మనిషి చేత నిజాన్ని ఎలా మింగిస్తుందో కూడా చెప్పాను. బల్ల మీద, మైకుకు మూరెడు దూరంలో ఆయన గడియారం పెట్టుకున్నాను. దాన్ని చూసుకుంటూ, సరిగ్గా టైముకి ముగించాను.