సమర్‌ఖండ్‌లో నా మిరియాల కొట్టు

మేం అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉన్న రోజుల్లో, మా అమ్మాయి ఏడో క్లాసు చదువుతుండగా, వాళ్ళ సోషల్ టీచరమ్మ సిల్క్ రోడ్డు పాఠం కోసమని బడి జిమ్ హాలును ఒక పూట ఆ దారిలోని సమర్‌ఖండ్ నగరం చేసేసింది. పిల్లలు జట్లుగా విడిపోయి ఒంటెల బిడారులై వస్తారు. తల్లిదండ్రులు దూరదేశాల వర్తకులై కొట్లు పెడతారు. ఆటలో డబ్బు లేదు, సరుకుకు సరుకే. నాకు ఇండియా, మిరియాలు వచ్చాయి.

కాకతీయుల నాడు మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన జాతి మాది. ఆ మాట ఇంట్లో అందరికీ వినిపించాను. ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళినాటి షేర్వానీ తీస్తే బొత్తాలు కలవలేదు. "ఫర్వాలేదులెండి, వర్తకుడంటే కాస్త తిన్నవాడిలాగే ఉండాలి" అంది మా ఆవిడ, తన చున్నీ నా తలకు చుడుతూ.

మా అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు.

"నాన్నా, అక్కడ నువ్వు నాన్నలా ఉండద్దు. జస్ట్ మర్చంట్‌లా ఉండు. తెలుగు మాట్లాడద్దు, నన్ను పిలవద్దు. ఫ్రెండ్స్ అందరూ ఉంటారు. ప్రామిస్?"

ఆ ఏడాదే అది బడి గేటుకు ఇవతలే నా కారు దిగిపోవడం మొదలుపెట్టింది. మనసు చివుక్కుమంది. అయినా ప్రామిస్ చేశాను.

మొదటి బిడారు రానే వచ్చింది. చిన్న మిరియాల సంచికి కావాలనే కొండంత పట్టు అడిగాను. ముందున్న పిల్లాడు "ఓకే" అని తెచ్చిన పట్టంతా బల్ల మీద పెట్టేశాడు. బేరమాడకుండా కొనడమా! నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి పట్టు వాడి చేతికే ఇచ్చి, నాకొచ్చిన ఇంగ్లీషులో పాఠం మొదలెట్టాను. "రేటు చెప్పగానే మొహం చిట్లించాలి. సగానికి అడగాలి. నేను కాదంటే వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అప్పుడు నేనే పిలుస్తాను."

పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారంటే, మొహం చిట్లించారు, సగానికి అడిగారు, వెళ్ళిపోయారు. "సరే రండి, మీ మాటే నెగ్గింది!" అని అరిచాను. వెనక్కి చూడొద్దన్నాను కదా, చూడలేదు. తిన్నగా పక్క కొట్టుకు పోయారు. అక్కడ చైనా వర్తకుడైన ఇంకో తండ్రి ఎవరేమిచ్చినా పుచ్చుకుని నవ్వుతూ సరుకు ఇచ్చేస్తున్నాడు. నా పాఠం బిడారు నుంచి బిడారుకు పాకింది. వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి మొహం చిట్లించి అటే పోయారు. బోణీ కూడా కాలేదు. ఈగలు తోలుకుందామంటే ఆ జిమ్‌లో ఈగలైనా లేవు.

అప్పుడు వచ్చింది మా అమ్మాయి బిడారు. తనే నాయకురాలు, వెనక స్నేహితురాళ్ళు. నా మొహం వైపు చూడలేదు. నేనూ ఎవరో తెలియనట్టు రేటు చెప్పాను. ఒక మిరియం తీసి వాసన చూసింది. వేసవి సెలవుల్లో బెజవాడ చీరల కొట్లలో వాళ్ళమ్మ పెట్టే మొహమే పెట్టింది. పాత సరుకంది. సగం కాదు, మూడో వంతుకు అడిగింది. నాకు పొంగిపోవాలనిపించింది, కానీ వర్తకుణ్ణి కదా, కుదరదన్నాను.

"లెట్స్ గో, గైస్" అని అది తిరిగి నడిచింది.

ఇక్కడ పిలవాలి. నోరు తెరిచాను. పిలిస్తే ఏమని పిలుస్తాను? ఇంట్లో పిలిచే పిలుపే నోటికొస్తుంది, అదీ తెలుగులో. మాటిచ్చాను కదా అని నోరు మూసుకున్నాను. స్నేహితురాళ్ళు చైనా ఆయన దగ్గరికి చేరిపోయారు. ఇది మాత్రం అడుగులు తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఆగింది. నాకు వీపే కనిపిస్తోంది. దాని మనసులో ఏముందో తెలియలేదు.

చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని గిర్రున తిరిగింది. జిమ్ దద్దరిల్లేలా అరిచింది.

"నాన్నా! పిలువు! నేను వెళ్ళిపోతున్నా కదా!"

బిడారులన్నీ ఆగి మా వైపు చూశాయి. అది ఎవర్నీ చూడటం లేదు, నన్నే చూస్తోంది.

"దా తల్లీ, దా!" అని నేనూ తెలుగులోనే అరిచాను. మూడో వంతేమిటి, ఆ క్షణంలో ఊరికే అడిగినా కొట్టంతా రాసిచ్చేసేవాణ్ణి.